కన్వల్యూషన్‌ని తెలుగులో ఏమనాలి? మెలికా, మడతా, సంవళనమా?

సుద్దముక్క | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. గోదావరి జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో బీటెక్ రెండో ఏడాది పిల్లలకి సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ చెబుతాను. మా క్లాసులో సగం మంది పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లే. ఏటా కన్వల్యూషన్ పాఠం దగ్గరే, అంటే రెండు ఫంక్షన్లని కలిపి మూడోదాన్ని తెచ్చే లెక్క దగ్గరే బండి ఆగుతుంది. లెక్క చేసేస్తారు, అందులో లోటు లేదు. ఇంటిగ్రల్ గుర్తు వేసి, లిమిట్లు పెట్టి, జవాబు తెచ్చేస్తారు. "ఇప్పుడు నువ్వు చేసిందేంటమ్మా?" అంటే మాత్రం నోరు పెగలదు.

మొన్న శుక్రవారం వెనక బెంచీ అమ్మాయి లేచి, "సార్, కన్వల్యూటెడ్ అంటే గజిబిజి అని డిక్షనరీలో ఉంది. మరి దీన్ని గజిబిజి చేయడం అని ఎందుకన్నారు?" అని అడిగింది. జవాబు లేక, సోమవారం చెబుతానన్నాను. ఇంటికొచ్చి నిఘంటువులు తిరగేస్తే చుట్ట, మెలిక, మడత, మెదడు మీది ముడత, గజిబిజి, అన్నీ ఒకే మాట కింద ఉన్నాయి. వీటిలో ఏది మా లెక్కకి అతుకుతుంది? అసలు ఒక్క మాటకి ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి? తెలిసినవాళ్లు చెప్పండి. ఆ అమ్మాయికి సరైన జవాబు ఇవ్వాలని ఉంది.

వాణి_విజయనగరం | ఆదివారం, రాత్రి 10:05

మాస్టారూ, ముందు పుట్టుక చూద్దాం. లాటిన్‌లో వోల్వెరె అంటే దొర్లించడం, చుట్టడం. దాని ముందు 'కలిపి' అనే అర్థంలో కాన్ చేరింది. కలిపి చుట్టడం, అంతే. గజిబిజి అన్నది తర్వాత వచ్చిన అర్థం. బాగా చుట్టుకుపోయింది చూడటానికి గజిబిజిగానే ఉంటుంది కదా.

ఈ వోల్వెరె పిల్లలు మన చుట్టూ ఎంతమందో చూడండి. చుట్ట విప్పితే ఇవాల్వ్. లోపలికి చుట్టుకుంటే ఇన్వాల్వ్. 'వాడు ఆ గొడవలో ఇన్వాల్వ్ అయ్యాడు' అని ఇంగ్లీషులో అంటాం, 'ఆ గొడవ వాడి మెడకి చుట్టుకుంది' అని తెలుగులో అంటాం. రెండు భాషలకీ తోచింది ఒకే బొమ్మ. గుండ్రంగా తిరిగితే రివాల్వ్. పూర్వం రోములో పుస్తకాలు చుట్టలుగా ఉండేవి కాబట్టి పుస్తక భాగం వాల్యూమ్ అయింది. హైదరాబాద్ వెళ్లడానికి ఎక్కే వోల్వో బస్సు పేరు కూడా ఇదే, లాటిన్‌లో 'నేను దొర్లుతాను' అని అర్థం.

ఒక్క మాట పక్కకెళ్లి చెబుతాను. ఇంగ్లీషువాళ్లు మన దక్షిణాది చుట్టుడు మాటని కూడా పట్టుకెళ్లారు. పొగాకు చుట్టకి వాళ్లు వాడే చెరూట్ అన్న మాట తమిళ చురుట్టు నుంచి పోయింది. మన చుట్టకి అది అక్కచెల్లెలు.

డల్లాస్_కిరణ్ | ఆదివారం, రాత్రి 10:40

మాస్టారూ, నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కన్వల్యూషన్‌ని కన్వల్యూషన్ అనే ఉంచండి. నేను మెషిన్ లెర్నింగ్‌లో పనిచేస్తున్నాను, రోజుకి ఇరవైసార్లు ఈ మాట వాడతాను. రేపు ఇంటర్వ్యూలో వాళ్లని అడిగేది ఈ మాటే. ఇంకో మాట నేర్పితే అది కూడా గుర్తుపెట్టుకోవాల్సిన బరువే. బస్సుకి, రైలుకి తెలుగు వెతికామా?

స్వప్న_ఓరుగల్లు | ఆదివారం, రాత్రి 11:18

కిరణన్నా, మీ మాట కాదనను. కానీ నాది వేరే అనుభవం, చెబుతాను.

నేను పదో తరగతి వరకు తెలుగు మీడియం, సర్కారు బడి. జీవశాస్త్రంలో మూత్రపిండం బొమ్మ ఉంటుంది. 'సమీపస్థ సంవళిత నాళం, హెన్లీ శిక్యం, దూరస్థ సంవళిత నాళం'. పొద్దున లేచి నల్లా దగ్గర నీళ్లు పడుతూ కూడా ఇవే అనుకునేదాన్ని. బొమ్మ గీసి, బాణాలు పెట్టి, పేర్లు రాస్తే నాలుగు మార్కులు. నాకు నాలుగుకి నాలుగు వచ్చాయి. సంవళిత అంటే ఏంటో మాత్రం తెలియదు. ఎవరినీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాను. అక్కడ ఇంగ్లీషులో ప్రాక్సిమల్ కన్వల్యూటెడ్ ట్యూబ్యూల్. అది కూడా బట్టీయే. ఒకరోజు మైక్రోస్కోప్ కింద కిడ్నీ స్లైడ్ పెట్టారు. గులాబీ రంగులో చిన్న చిన్న గుండ్రాలు, పక్కపక్కనే, కొన్ని కోలగా, కొన్ని సగం తెగినట్టు. గొట్టం ఎక్కడా కనబడలేదు. మేడమ్‌ని అడిగితే ఒక రబ్బరు ట్యూబు తెచ్చి వంకరటింకరగా ఉండ చుట్టి, "దీన్ని కత్తితో అడ్డంగా కోస్తే ఏం కనబడుతుంది?" అన్నారు. ఒకే గొట్టం పది చోట్ల తెగి పది గుండ్రాలు కనబడతాయి. మెలికలు తిరిగింది కాబట్టి! ఆ రోజు నాకు సంవళితం అంటే తెలిసింది. పదో తరగతి పుస్తకంలో నాకు ఇష్టమైన ఆ బొమ్మ అప్పటికి అర్థమైంది.

ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లు, అంటే వడపోసే సన్న గొట్టాలు ఉంటాయి. రోజుకి 180 లీటర్ల దాకా వడపోత జరిగితే బయటికి పోయేది లీటరున్నర. మిగతా నీళ్లన్నీ గొట్టాల్లోనే వెనక్కి పీల్చుకోవాలి. దానికి పొడుగు గొట్టం కావాలి, చోటేమో పిడికిలంత. అందుకే మెలికలు. ఈ ఒక్క వాక్యం అప్పుడు ఎవరైనా చెప్పుంటే నేను ఆ పేర్లని బట్టీ పట్టేదాన్ని కాదు.

వాణి_విజయనగరం | సోమవారం, ఉదయం 6:30

స్వప్నా, రాత్రి నీ పోస్టు రెండుసార్లు చదివానమ్మా.

ఆ సంవళితం అన్న మాట చాలా గొప్పగా కుదిరిన మాట. సంస్కృతంలో వల్ ధాతువుకి తిరగడం, వంగడం అని అర్థం. వలయం దగ్గరి మాట. ఒంటి మీద ముడతల్ని వళులు అంటాం, ప్రబంధ కవులు త్రివళుల్ని వర్ణించని పుస్తకం లేదు. ఈ వల్, లాటిన్ వోల్వెరె ఒకే మూలం నుంచి వచ్చాయని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. సం, కాన్ పుట్టుకలో వేరు కానీ రెండూ చేసే పని 'కలిపి' అనడమే. అంటే సంవళనం అన్నది కన్వల్యూషన్‌కి అచ్చంగా కొలిచి కుట్టిన మాట. హిందీలో లెక్కల పుస్తకాలవాళ్లు కూడా సంవలన్ అనే రాస్తారు.

అయినా నీకు అది అర్థం కాలేదు. మాట తప్పు కాదు, మాట మూట విప్పి చూపించినవాళ్లు లేరు. శిక్యం అంటే ఏంటో చెప్పారా ఎవరైనా? ఉట్టి! కృష్ణాష్టమికి కట్టే ఉట్టి. హెన్లీ ఉట్టి అని ఒక్కసారి అనుంటే పిల్లలు జన్మలో మరచిపోరు. కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చే ఆ గొట్టం అచ్చం ఉట్టి తాడే.

స్వప్న_ఓరుగల్లు | సోమవారం, ఉదయం 7:02

ఉట్టా?! మేడమ్, పదహారేళ్ల తర్వాత తెలిసింది నాకు.

పడుగుపేక_చీరాల | సోమవారం, ఉదయం 9:45

మాది మగ్గం ఇల్లు. నాకు లెక్కలు రావు గానీ మెలికకీ మడతకీ తేడా చెప్పగలను. మీరంతా రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు. అవి ఒకటి కాదు.

నూలుకి పెట్టేది పురి. దూది పోగుని లాగుతూ తిప్పితే పీచు పీచుని పట్టుకుని దారం అవుతుంది. ఆ పురిని వెనక్కి తిప్పి విప్పండి, మీ చేతిలో దారం ఉండదు, దూది ఉంటుంది. తాడైనా అంతే. పేటలకి ఒక వైపు పురి ఎక్కిస్తాం, ఆ పేటల్ని కలిపి పేనేటప్పుడు ఎదురు వైపు తిప్పుతాం. అది విడిపోదామని చూస్తుంటే ఇది బిగుస్తుంది. అందుకే తాడు నిలబడుతుంది. పురి మరీ ఎక్కువైందనుకోండి, దారం వదులు చేయగానే తనలో తాను చుట్టుకుని చిన్న చిన్న సుడులు పడుతుంది. మా అమ్మ వేలి కొసతో ఒక్కో సుడినీ మీటి సరిచేసేది. కంటికి కనబడేది కాదు, వేలికి తగిలేది.

మడత అలా కాదు. నేసిన చీరని ఎన్ని మడతలు పెట్టినా విప్పితే అదే చీర, అంచు అంచు దగ్గర, కొంగు కొంగు దగ్గర. మడత వల్ల గుడ్డ మారదు, పట్టే చోటు మారుతుంది. ఏ మూల ఏ మూల మీద పడుతుందో అది మారుతుంది.

కాబట్టి మాస్టారూ, మీ లెక్క ఎలాంటిదో మీరే చూసుకోండి. రెండు పోగులు కలిసి మూడోది పుడితే పురి. ఒకటే వస్తువు చోటు కోసం ముడుచుకుంటే మడత.

సుద్దముక్క | సోమవారం, ఉదయం 10:20

చీరాల అన్నగారూ, మీరు లెక్కలు రావన్నారు గానీ మా పాఠం మొత్తం మీ చివరి రెండు వాక్యాల్లో ఉంది. మా లెక్కలో రెండూ ఉన్నాయేమో అనిపిస్తోంది. రెండు ఫంక్షన్లు కలిసి మూడోది పుడుతుంది, అది నిజమే. అందులో ఒకదాన్ని తిరగేస్తాం కూడా. ఎందుకు తిరగేస్తామో పిల్లలకి చెప్పడమే నా కష్టం. సాయంత్రం క్లాసు ఉంది, ఆ అమ్మాయిని బుధవారం దాకా గడువు అడుగుతాను.

తోటమాలి_కర్నూలు | సోమవారం, మధ్యాహ్నం 1:15

మొక్కల సంగతి ఎవరూ ఎత్తలేదే. కన్వాల్వులస్ అని ఒక తీగ జాతి, దాని పేరు మీదే ఒక పెద్ద కుటుంబం ఉంది. మనింటి చుట్టూ ఉన్నవే అన్నీ. కాశీరత్నం, తూటికూర, చెరువు గట్ల మీది లొట్టపీసు, చిలగడదుంప. మా వైపు గెనుసుగడ్డ అంటాం, స్వప్న గారి వైపు మోరంగడ్డ అనుకుంటా. సీతమ్మ పోగునూలు కూడా ఈ కుటుంబమే. ఆకు లేకుండా పసుప్పచ్చ దారంలా కంచె మొక్కల మీద అల్లుకుని, వాటి రసం పీల్చి బతికేది. పేరు పెట్టినవాళ్లు ఖాయంగా నూలు వడికినవాళ్లే అయ్యుంటారు.

ఇందులో నాకు బాగా ఇష్టమైనది విష్ణుక్రాంత. వినాయక చవితి 21 పత్రిలో ఉంటుంది. నేల మీద పాకే చిన్న మొక్క, చిటికెన వేలి గోరంత నీలం పువ్వు. దాని శాస్త్రీయ నామం ఇవాల్వులస్. కన్వాల్వులస్‌కి దగ్గర చుట్టమే, కానీ దేన్నీ చుట్టుకోదు. అందుకే 1762లో, మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ దాన్ని విడిగా తీసి 'చుట్టుకోనిది' అన్నట్టు ఈ పేరు పెట్టాడు. చుట్టుకునేది, చుట్టుకోనిది, రెండూ ఒకే కుటుంబంలో. వాణి గారు చెప్పిన ఇవాల్వ్, మన పూజ పళ్లెంలో ఉంది.

దస్తావేజు_కడప | సోమవారం, రాత్రి 8:30

గజిబిజి అన్న అర్థం ఒకటి మిగిలిపోయింది. దాని గురించి నేను చెప్పాలి. ముప్పై ఏళ్లు దస్తావేజులు రాసినవాణ్ణి.

కన్వల్యూటెడ్ మాటకి మన దగ్గర రెండు రకాలున్నాయి. ఒకటి డొంకతిరుగుడు. డొంక అంటే కంచెల మధ్య బండి బాట. సూటిగా పోవాల్సిన చోట డొంకలన్నీ తిరిగి పోవడం. టైమ్ పోతుంది గానీ ఊరు చేరతాం. రెండోది మెలిక. అది వేరే సరుకు. వాక్యం అంతా సాఫీగా ఉంటుంది, మధ్యలో ఒక చోట చిన్న తిప్పు, దాంతో అర్థం బోర్లా పడుతుంది.

మా మేనత్తకి పుట్టింటివాళ్లు చేను రాసిచ్చిన కాగితం ఒకటి ఉండేది. ఒకటిన్నర పేజీ, మొత్తం ఒకటే వాక్యం. నేను పనిలో కొత్తగా చేరిన రోజులు. సదరు, పై చెప్పబడిన, చౌహద్దుల మధ్యనున్న, అని చదువుకుంటూ పోతే చివరి నాలుగు వరసల ముందు 'తమ జీవితాంతము అనుభవించుటకు మాత్రమే' అని ఉంది. ఆ నాలుగు మాటలతో అమ్ముకునే హక్కు పోయింది. పాతికేళ్లు ఆ చేను తనదే అనుకుంది ఆమె. నేను పైకి చదివి వినిపించాక, "మళ్లీ చదువు నాయనా" అంది. మళ్లీ చదివాను. మూడోసారి కూడా చదవమంది.

అప్పటి నుంచి నేను రాసిన ప్రతి కాగితంలో అలాంటి షరతుని విడి వాక్యంగా, విడి పేరాగా రాశాను. పార్టీలకి చదివి వినిపించి గానీ సంతకం పెట్టించలేదు. మెదడు మడతపడితే చోటు కలిసొస్తుంది, నాళం మెలిక తిరిగితే నీళ్లు మిగులుతాయి. మాట మెలిక తిరిగితే నష్టపోయేది ఎప్పుడూ చదువురానివాళ్లే.

మండపేట_రాజు | సోమవారం, రాత్రి 9:50

పెద్దాయనా, మనసు పిండేశారు.

మెదడు అన్నారు కాబట్టి నాది ఒక చిన్న ముక్క. మాకు తాపేశ్వరం కూతవేటు. మడత కాజా చేయడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. మైదా ముద్దని బల్లంత పల్చగా సాగదీసి, పొరల మధ్య తడి పిండి రాసి, చుట్ట చుట్టి, అడ్డంగా ముక్కలు కోసి, ఒక్కో ముక్కనీ కర్రతో ఒక్క నొక్కు నొక్కుతారు. నూనెలో పడగానే పొరలు విచ్చుకుంటాయి. పాకంలో వేస్తే ప్రతి పొర సందులోకీ పాకం వెళ్తుంది. అంత చిన్న ముక్కలో అంత పాకం పట్టడానికి కారణం మడతలే. మా పాపకి మెదడు పాఠం చెప్పేటప్పుడు కాజా ఒకటి విప్పి చూపించాను.

స్వప్న_ఓరుగల్లు | సోమవారం, రాత్రి 10:25

రాజన్నా, పాపకి మంచిగ చెప్పారు. ఇంకో రెండు సంగతులు కలపండి. మన మెదడు పై పొరని ఇస్త్రీ చేసినట్టు పరిస్తే రెండు వేల చదరపు సెంటీమీటర్లకు పైనే ఉంటుంది, మందం మాత్రం రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. అందులో మూడింట రెండు వంతులు గాడుల లోపల దాక్కుని ఉంటుంది. కనబడే గట్లు ఒక వంతే. కడుపులో బిడ్డకి ఐదో నెలలో మెదడు దాదాపు నున్నగానే ఉంటుంది, మడతలు ఎక్కువగా పడేది చివరి మూడు నెలల్లో. ఎలుక మెదడు పెద్దయ్యాక కూడా నున్నగానే ఉంటుంది.

అయితే మడతలు ఎన్నుంటే అంత తెలివి అని పాపకి చెప్పకండి. డాల్ఫిన్ మెదడులో మనకన్నా ఎక్కువ మడతలుంటాయి.

వరద_డ్యూటీ | మంగళవారం, ఉదయం 5:50

ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. మాస్టారూ, మీ పిల్లలు గోదావరి జిల్లా వాళ్లయితే వాళ్లకి ఇంటిగ్రల్ గుర్తు తర్వాత చూపించండి, ముందు వరద చూపించండి. కన్వల్యూషన్‌ని నేను కాలేజీలో చదవలేదు, వరద డ్యూటీలో నేర్చుకున్నాను.

భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3. ఈ నీరు ఒక రోజు వానది కాదు. ప్రాణహిత నీరు ఒకటి, ఇంద్రావతి నీరు ఒకటి, భద్రాచలం దిగువన కూనవరం దగ్గర కలిసే శబరి నీరు ఒకటి. వేర్వేరు రోజుల వానలు, వేర్వేరు దూరాలు నడిచి వచ్చి ధవళేశ్వరం దగ్గర ఒకే రోజు తలుపు తడతాయి.

దీన్ని చిన్న లెక్కగా చేద్దాం. అంకెలు నేను కల్పించినవి, పద్ధతి మాత్రం అసలుదే. ఒక వాగు అనుకోండి. ఒక రోజు ఒక అంగుళం వాన కురిస్తే ఆ నీరు మూడు రోజుల్లో దిగుతుంది. మొదటి రోజు 1 వంతు, రెండో రోజు 3, మూడో రోజు 2. ఇది ఆ వాగు స్వభావం, మారదు. ఇప్పుడు వరసగా మూడు రోజులు వాన పడింది. 2 అంగుళాలు, 4, 1.

మొదటి రోజు వాగులో నీరు: 2×1 = 2.
రెండో రోజు: నిన్నటి వాన రెండో రోజు నీరు 2×3, ఇవాల్టి వాన మొదటి రోజు నీరు 4×1. మొత్తం 10.
మూడో రోజు: మొన్నటిది 2×2, నిన్నటిది 4×3, ఇవాల్టిది 1×1. మొత్తం 17.
నాలుగో రోజు వాన లేదు. అయినా 4×2, 1×3. మొత్తం 11.
ఐదో రోజు 1×2 = 2.

వాన ఎక్కువ పడింది రెండో రోజు, వరద ఎక్కువ వచ్చింది మూడో రోజు. నాలుగో రోజు ఎండ కాస్తున్నా వాగు దాటలేం. లంకల్లో పుట్టినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

ఇక తిరగేయడం ఎందుకో మూడో రోజు దగ్గర చూడండి. వాన మొదటి రోజుది, దానికి జత వాగు మూడో రోజు వంతు. రెండో రోజు వానకి రెండో వంతు. మూడో రోజు వానకి మొదటి వంతు. పాత వాన ఎక్కువ దూరం నడిచింది, కొత్త వాన ఇప్పుడే బయలుదేరింది. అందుకే ఒక వరస ముందుకి, ఒక వరస వెనక్కి. ఇది ఎవరో పెట్టిన రూలు కాదు, కాలం నడిచే తీరే అంత.

ఒక అంగుళం వానకి నీరు దిగే ఆ 1, 3, 2 తీరునే మా వాళ్లు యూనిట్ హైడ్రోగ్రాఫ్ అంటారు. 1932లో షెర్మన్ అనే అమెరికా ఇంజనీరు చెప్పాడు. నేల అప్పటికే నానిపోయి ఉంటే లెక్క కొంచెం తప్పుతుంది, ఆ సర్దుబాటు అనుభవంతో చేసుకునేవాళ్లం. నా చేతి లెక్క తప్పు పోయిందేమో అని టెన్షన్‌తో రాత్రంతా గేజి దగ్గర కూర్చున్న రోజులున్నాయి. కింద ఊళ్లు ఖాళీ చేయించాలా వద్దా అన్నది ఆ కూడికల మీదే ఉండేది.

డల్లాస్_కిరణ్ | మంగళవారం, ఉదయం 8:10

సార్, మీకు నమస్కారం. ఇది చదివాక నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నాను.

మీ అంకెలతో ఒకటి చేసి చూశాను. వాన 2, 4, 1. వాగు 1, 3, 2. వీటిని సంఖ్యలుగా పక్కపక్కన రాసి 241ని 132తో గుణించండి. మీ జవాబులు 2, 10, 17, 11, 2. కుడి నుంచి మొదలుపెట్టి పదులు ఎడమకి మోసుకుంటూ రండి. 2. తర్వాత 11లో 1 రాసి 1 మోయాలి. 17కి 1 కలిపితే 18, 8 రాసి 1 మోయాలి. 10కి 1 కలిపితే 11, 1 రాసి 1 మోయాలి. 2కి 1 కలిపితే 3. మొత్తం 31812. అదే 241×132. నాలుగో తరగతిలో మనమంతా నేర్చుకున్న గుణకారం లోపల కన్వల్యూషన్ దాక్కుని ఉంది!

ఇంకోటి. జర్మన్‌లో దీన్ని ఫాల్టుంగ్ అంటారు, అంటే అచ్చంగా మడత. ఇంగ్లీషు లెక్కల పుస్తకాల్లో కూడా ఒకప్పుడు ఈ జర్మన్ మాటే వాడేవారు. ఎందుకో మీ మూడో రోజు చెబుతోంది. ఒక కాగితం పట్టీ మీద 1, 2, 3 అని రాసి సరిగ్గా మధ్యకి మడవండి. 1 పోయి 3 మీద పడుతుంది, 2 తన మీదే పడుతుంది. మీరు కట్టిన జతలు అవే. చీరాల అన్న అన్నది ఇదే కదా, 'ఏ మూల ఏ మూల మీద పడుతుందో అది మారుతుంది' అని.

మా రంగం గురించి ఒక నిజం కూడా చెప్పాలి. ఫోటోలు గుర్తుపట్టే కన్వల్యూషనల్ నెట్‌వర్క్‌ల్లో చిన్న తొమ్మిది గళ్ల జల్లెడ ఒకటి బొమ్మ మీద గడి గడికీ జరుగుతూ, గుణించి కూడుతూ పోతుంది. 1989లో యాన్ లెకూన్ బృందం చేతిరాత పిన్‌కోడ్ అంకెలు చదివించింది ఇలాంటిదానితోనే. కానీ మేం వాడే సాఫ్ట్‌వేర్‌లో ఆ జల్లెడని తిరగేయరు. గళ్లలో అంకెల్ని మెషినే నేర్చుకుంటుంది కాబట్టి తిరగేసినా మానినా తేడా రాదు. లెక్కల భాషలో దానికి పేరు క్రాస్ కోరిలేషన్. అంటే మేం మడత వదిలేసి మడత పేరు మాత్రం ఉంచుకున్నాం. ఇన్నేళ్లూ ఆ మాట వాడుతూ ఇది ఎప్పుడూ ఆలోచించలేదు.

తోటమాలి_కర్నూలు | మంగళవారం, ఉదయం 11:30

గోల్కొండ కోటలో ప్రవేశద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే బాలా హిస్సార్ మీద వినిపిస్తాయి కదా, అది కూడా ఇదేనా?

సుద్దముక్క | మంగళవారం, మధ్యాహ్నం 12:05

ఇదేనండీ. చప్పట్లు ఒక అంగుళం వాన. పైన వినబడేది ఆ కట్టడం 'వాగు స్వభావం'. దాన్ని రికార్డు చేసి పెట్టుకుంటే, ఇంట్లో పాడిన పాటని కూడా ఆ గుమ్మటం కింద పాడినట్టు వినిపించవచ్చు. సౌండ్ ఇంజనీర్లు చేసేది అదే. రేపు క్లాసులో ఇది కూడా చెబుతాను.

వాణి_విజయనగరం | మంగళవారం, రాత్రి 9:00

అయితే పేరు సంగతి తేల్చుకుందాం మాస్టారూ. నా మటుకు నాకు శరీరంలో గొట్టాలకి మెలిక, మెదడుకీ భూమికీ ముడత, మాటకి డొంకతిరుగుడు. ఇవన్నీ జనం నోట్లో ఉన్నవే. హిమాలయాల్ని బడి పుస్తకాల్లో ముడత పర్వతాలు అనే రాశారు, ఏ పిల్లాడికీ అది అర్థం కాకుండా పోలేదు. లెక్కకి మాత్రం సంవళనం ఉంచండి. అది బరువైన మాటే, కానీ విప్పి చెబితే నిలుస్తుంది.

పడుగుపేక_చీరాల | మంగళవారం, రాత్రి 9:35

అమ్మా, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. మడత ఉండగా సంవళనం ఎందుకు? జర్మనీ వాళ్లు వాళ్ల ఇంటి మాట పెట్టుకున్నారు కదా.

వాణి_విజయనగరం | మంగళవారం, రాత్రి 9:52

మడత అంటే ఒక్క వస్తువుని మడవడమే వినిపిస్తుంది, రెండు కలవడం వినిపించదు. పురి, మడత రెండూ ఉన్నాయని మాస్టారే అన్నారు. అయినా మీ మాట తీసిపారేయలేను. ఆలోచిస్తాను.

సుద్దముక్క | బుధవారం, రాత్రి 8:15

క్లాసు అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

బోర్డు మీద కన్వల్యూషన్ అని రాశాను, పరీక్షలో అదే రాయాలి కాబట్టి. పక్కన 'మడిచి కలపడం' అని రాశాను. సంవళనం అని కూడా రాసి, వాణి గారు చెప్పినట్టు సం, వల్ విడదీసి చూపించాను. అందరికీ రెండేసి కాగితం పట్టీలు ఇచ్చాను. ఒకదాని మీద వాన, ఒకదాని మీద వాగు. వాగు పట్టీని తిరగేసి వాన పట్టీ కింద ఒక్కో గడీ జరుపుతూ, ఎదురెదురు పడ్డ అంకెల్ని గుణించి కూడమన్నాను. ఐదు నిమిషాలు క్లాసులో కాగితాల చప్పుడు తప్ప ఏమీ లేదు. 2, 10, 17, 11, 2. దాదాపు అందరికీ వచ్చింది.

ప్రశ్న అడిగిన అమ్మాయిది లంక గ్రామం. పట్టీలు చేతిలో పట్టుకునే లేచింది. "సార్, 2022లో పైన వాన తగ్గిందని టీవీలో చెప్పాక కూడా మా ఇంట్లో నీళ్లు పెరిగాయి. నాన్న గేదెల్ని గట్టు మీదికి తోలకుండా ఆగాడు. అప్పుడు మాకు ఈ పట్టీ తెలిసుంటే..." అని ఆగిపోయింది. నేను కూడా వెంటనే ఏమీ అనలేకపోయాను. తర్వాత ఇద్దరం బోర్డు దగ్గర నిలబడి నాలుగో రోజు లెక్క మళ్లీ చేశాం.

గంట కొట్టాక మరో కుర్రాడు వచ్చి అడిగాడు. వాగులో నీరు తెలుసు, వాగు స్వభావం తెలుసు, ఏ రోజు ఎంత వాన పడిందో వెనక్కి కట్టగలమా అని. ఇలా వెనక్కి విప్పడాన్ని డీకన్వల్యూషన్ అంటారు, అది మాకు సిలబస్‌లో లేదు. వరద డ్యూటీ సార్, మీ రోజుల్లో ఇది చేతితో ఎప్పుడైనా చేశారా?

వరద_డ్యూటీ | గురువారం, ఉదయం 5:40

చేశాం మాస్టారూ. వాగు స్వభావం కట్టేదే అలా. పాత వరద రికార్డు, పాత వాన రికార్డు పక్కన పెట్టుకుని విప్పుకుంటూ పోవాలి. మీ కుర్రాడి ప్రశ్న కూడా అలాంటిదే. మొదటి రోజు నీటిలో మొదటి వాన తప్ప ఇంకేమీ లేదు కాబట్టి అది ముందు తేలిపోతుంది. దాని వాటాని రెండో రోజు నుంచి తీసేస్తే రెండో వాన బయటపడుతుంది. ఇలా ఒక్కో పొరా. కష్టమేంటంటే మొదటి రోజు కొలతలో చిన్న పొరపాటున్నా అది కింది రోజులన్నిటికీ పాకుతుంది. అందుకే గేజి రీడింగు ఇద్దరం విడివిడిగా చూసి రాసేవాళ్లం.

10 నుంచి వెనక్కి 4 ఎలా వస్తుందో కాగితం మీద రాసి ఫోటో పెడతాను, రేపటిదాకా ఆగమనండి.

స్వప్న_ఓరుగల్లు | గురువారం, ఉదయం 7:20

సార్, ఫోటో ఇక్కడే పెట్టండి, నేను కూడా చూస్తాను. మాస్టారూ, ఆ అమ్మాయికి నా తరఫున ఒక మాట చెప్పండి. క్లాసులో లేచి అర్థమేంటని అడిగింది చూడండి, నేను పదో తరగతిలో అడగలేకపోయింది అదే.